ట్రాస్కమ్మ చివరి అధ్యాయం

మింగళ తౌంగ్‌న్యున్, యాంగన్
జూన్

అరుణ వదినకి,

మీరు బతికున్న రచయితల్ని చదవరు. చచ్చేదాకా కాచుకుని కూర్చుంటారు. పోయాక పటం కడతారు, సభ పెడతారు, వాళ్లు జన్మలో అనని తియ్యటి మాటలు వాళ్ల నోట్లో కుక్కుతారు. ఉన్నన్నాళ్లూ ఎదురు మాట్లాడుతుందని భయపడి దూరంగా తిరిగినవాళ్లే, పోయిన మర్నాటి నుంచి ‘మా అమ్మ’ అంటారు. ‘మీరు’ అన్నాను గదా అని నువ్వు తప్పించుకోకు. నీతో సహా. నీ ప్రచురణ సంస్థతో సహా. ఈ కాగితం ఎవరి చేతిలో పడితే వాళ్లతో సహా.

‘ఆరో అధ్యాయం కాస్త కటువుగా ఉంది, తగ్గిస్తే పాఠకులు ఆవిణ్ణి ప్రేమిస్తారు’ అని రాశావు. ఎందుకు ప్రేమించాలి? ఆవిడేమైనా పెళ్లికూతురా?

లొరెయిన్ ట్రాస్క్ ఎవరో, నేను రాసిన ఆవిడ జీవితచరిత్ర అచ్చువేస్తున్న నీకే మళ్లీ చెప్పాల్సి వస్తోంది. డులూత్ అని అమెరికాలో ఒక సరస్సు రేవు. తండ్రి అక్కడ ఓడల్లోకి ఇనుపరాయి ఎత్తే కూలీ. పంతొమ్మిదేళ్లకి ఊరి పత్రికలో చేరితే, ఆడపిల్ల గదా అని చావు వార్తలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ ఊళ్లో షావుకారు పోతే రెండు పేరాలు వేసేవాళ్లు. రేవు కూలీ పోతే ఒక్క ముక్క ఉండేది కాదు. ఈవిడ కూలీలకీ రెండు పేరాలు వెయ్యడం మొదలుపెట్టింది. యజమాని కేకలేశాడు. మానలేదు. అక్కణ్ణుంచి మొదలైంది ఆవిడ బతుకంతా.

ఇరవై మూడేళ్లకి టైప్‌రైటర్ పట్టుకుని ఈ ఊళ్లో, అప్పటి రంగూన్‌లో దిగింది. హోటల్ గది భరించలేక మా మామ్మ గ్రేసమ్మ ఇంటి వెనక గదిలో చేరింది. చిమిండైంగ్ ఏటి ఒడ్డున బియ్యం బస్తాలు మోసే మన తెలుగువాళ్ల మధ్య తిరిగి, మన మేస్త్రీలు మన కూలీల్నే ఎలా పీల్చారో పేర్లతో సహా పుస్తకం రాసింది. రెండేళ్లలో ఇక్కడి సర్కారు పొమ్మంది. తిరిగెళ్లి గనుల మీద, ఆసుపత్రుల మీద, మాంసం ఫ్యాక్టరీల మీద రాసింది. వార్త ఎవరిచ్చారో చెప్పమని జడ్జి అడిగితే చెప్పనని జైల్లో కూర్చుంది. రెండు పత్రికలు ఉద్యోగంలోంచి తీసేశాయి. డెబ్భై అయిదేళ్ల వయసులో, రెండువేల పదమూడులో, మళ్లీ ఇక్కడికొచ్చింది. వచ్చిన రెండో రోజే చర్చి హాలు ఊడ్చే మనిషికి ఎంతిస్తున్నారని శామ్సన్ పాస్టరుగారిని నిలదీసింది. మూడో రోజు యూనియన్ నాయకుల్తో పోట్లాడింది. నాలుగో రోజు నాతో. అదే ఆరో అధ్యాయం. అది తీసేస్తే మిగిలేది క్యాలెండర్ మీద బొమ్మ.

ఇంకో సంగతి. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ ట్రాస్కమ్మ జ్ఞాపకార్థ కూడిక. ఏటేటా చేస్తున్నాం. ఈసారి పాస్టరుగారు పలకరాయి పెట్టిస్తున్నారు. దాని మీద ‘తెలుగువారి తల్లి, ప్రార్థనాపరురాలు’ అని చెక్కిస్తారట. ఆవిడ ప్రార్థన చేయగా ఈ పేటలో చూసినవాళ్లు లేరు. ఆ రాయి లేచేలోపు నా పుస్తకం జనం చేతుల్లో ఉండాలి. రాయి ముందొస్తే ఇక్కడి పిల్లలకి ఆవిడ రాయిగానే మిగిలిపోతుంది. నాలుగేళ్లు కొవ్వొత్తుల వెలుతుర్లో రాసింది అందుకు కాదు.

ఆరో అధ్యాయం ముట్టుకున్నావో, నీకూ నాకూ మాటల్లేవు.

ఏంజెలీనా


కంచరపాలెం, విశాఖపట్నం
జూన్

ఏంజీ,

తిట్లన్నీ క్షేమంగా అందాయి. మీ అమ్మా మా అమ్మా మింగళ తౌంగ్‌న్యున్‌లో పక్కపక్క ఇళ్లలో ఉండి ‘వదినా, వదినా’ అని పిలుచుకున్న పాపానికి, సముద్రం ఇవతల నేను ఇవన్నీ పడుతున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. చేత్తో రాసి ఫొటో తీసి పంపుకునే ఈ పద్ధతే మనిద్దర్నీ కలిపి ఉంచుతోంది. నీ రాత మాత్రం చీమలు టీలో పడి నడిచినట్టుంది, కాస్త విడమరిచి రాయి.

ఆరో అధ్యాయం సంగతి తర్వాత తేలుద్దాం. ముందు చివరి అధ్యాయం గురించి. ఏమి రాశావే! అక్టోబరు సాయంత్రం, కిటికీ బయట సరస్సు, ఆవిడ టైప్‌రైటర్ ముందు కూర్చుని ఒక వాక్యం కొట్టడం, చేతులు మీటల మీదే ఆగిపోవడం. ప్రూఫులు దిద్దుతూ ఏడ్చాను. ఆ ఆఖరి వాక్యం, ‘తలుపు తెరిచినవాడి చేతిలోనే గడియ కూడా ఉంది’, అదే అట్ట వెనక పెద్దక్షరాల్లో వేస్తున్నాను. జర్నలిస్టు అంటే అలా ఉండాలి.

రెండు ప్రశ్నలు. ఒకటి, ఆ ఆఖరి సాయంత్రం వివరాలు నీకెలా తెలిశాయి? రెండు, ఆవిడ పుస్తకాల్లోంచి నువ్వు పేజీలకి పేజీలు ఎత్తి రాశావు, ఫొటోలు వాడావు. వారసుల అనుమతి లేకుండా అచ్చు వెయ్యలేను. ఆవిడ పాత ప్రచురణ సంస్థ మూతపడింది. డులూత్ గ్రంథాలయానికి రాస్తున్నాను, వాళ్లకి ఎవరైనా తెలుస్తారేమో.

అన్నట్టు, పెళ్లికూతుర్ని ఎవరూ ప్రేమించరు. నగలు చూస్తారంతే.

అరుణ


మింగళ తౌంగ్‌న్యున్, యాంగన్
జూలై

వదినా,

‘ఎలా తెలిసింది’ అంట! పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు అడుగుతావేం? రచయిత ఆ మాత్రం ఊహించకూడదా? మీ ఊళ్లో నాయకుల జీవితచరిత్రల్లో పుట్టినప్పుడే ఆకాశంలో వెలుగులు కనిపిస్తాయి. అక్కడ అడగవు. నా దగ్గరికొచ్చేసరికి సాక్ష్యాలు కావాలి.

అయినా అడిగావు గనక చెప్తాను. రోగమొచ్చి ప్రపంచం తలుపులేసుకునే ముందరి డిసెంబరులో అమెరికా నుంచి ఒక పెట్టె వచ్చింది. చర్చి సామానుతో కలిసి ఓడలో వచ్చింది. మా ఇంటి మెట్ల మీద తెరిచాం. నేను, పాస్టరుగారు, చిమిండైంగ్ బజారులో ఎండుచేపల కొట్టు సింహాచలమ్మ పిన్ని. పిన్ని చర్చి గడప తొక్కే మనిషి కాదు. కానీ ట్రాస్కమ్మ మా మామ్మ ఇంట్లో ఉన్నప్పుడు ఆవిడ గౌను పట్టుకుని తిరిగిన చిన్నపిల్ల తను. ఆ పేరు చెబితే ఎక్కడికైనా వస్తుంది.

“ఏటి పంపినాదే?” అంది పిన్ని.

“బట్టలు.”

“కొత్తయా, కట్టినయా?”

“కట్టినవే.”

“ఓలమ్మో! అయితే పోనాదే తల్లి!”

“ఉండు పిన్నీ, తొందరపడకు.”

“తొందరేటి? మనలో మనిసి పోతే గదా ఒంటిమీద బట్ట అయినోళ్లకి పంచుతారు. బతికున్నోళ్లు ఎవులైనా కట్టిన గుడ్డ ఊరి మీదకి పంపుతారేటి? అరిస్టం కాదేటి?”

పాస్టరుగారు కోటు పైకి తీశారు. బూట్లు తీశారు. రంగూన్‌లో కొన్న ఆకుపచ్చ లోంజీ, ఈ ఊరి లుంగీ, తీశారు. టైప్‌రైటర్ తీశారు. అడుగున గుడ్డలో చుట్టి కళ్లజోడు ఉంది. అంతవరకూ నేను వాదిస్తూనే ఉన్నాను.

“ఇదుగో, కళ్లజోడు కూడా పెట్టీసినారు,” అంది పిన్ని. “బతికున్న మనిసి కళ్లజోడు తీసి పంపుతాదేటే, సదూకున్నదానివి నువ్వు సెప్పు!”

పెట్టె అడుగంతా మళ్లీ తడిమాను. నువ్వైతే ఏమనుకుంటావు? పెట్టెలో ఉత్తరం లేదు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. పోయినవాళ్లే కదా కబురు పంపరు.

ఆ ఆదివారమే మొదటి కూడిక పెట్టాం, తర్వాతవి నవంబరుకి మార్చుకున్నాం. వస్తువులు పంచుకున్నాం. కోటు పిన్నికి. కళ్లజోడు పాస్టరుగారికి, ఆయన కళ్లకి అచ్చంగా సరిపోయింది, అప్పట్నుంచి దాంతోనే బైబిలు వాక్యం చదువుతున్నారు. టైప్‌రైటర్ నాకు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి నీకు?

అక్టోబరు అని ఎందుకు రాశానంటే, పెట్టె రావడానికి రెండు నెలలు పడుతుంది గనక. లెక్క వేసే రాశాను.

అనుమతి తొందరగా తెప్పించు.

ఏంజెలీనా


విశాఖపట్నం
ఆగస్టు

ఏంజీ,

చిన్న ఉత్తరం. ప్రెస్‌లో పని తాత్కాలికంగా ఆపించాను. కారణం తర్వాత రాస్తాను.

ఈలోగా ఒకటి చెప్పు. ఆ పెట్టె వచ్చాక మీలో ఎవరైనా డులూత్‌కి ఫోన్ చేశారా? ఒక్కసారైనా? ట్రాస్కమ్మకి కళ్లేమైనా ఇబ్బందిగా ఉండేవా, పదమూడులో వచ్చినప్పుడు?

పాస్టరుగారి రాయి ఎంతవరకు వచ్చింది? దాన్ని కొంచెం నెమ్మదిగా చెక్కమనడానికి వీలుందా?

కోప్పడకు. బాగా తిను. రాత్రుళ్లు కొవ్వొత్తి దగ్గర రాయకు.

అరుణ


మింగళ తౌంగ్‌న్యున్, యాంగన్
ఆగస్టు

అరుణకి,

వదిన అనడం మానేశాను, గమనించు.

నాకు అర్థమైంది. భయపడ్డావు. మేస్త్రీల పేర్లున్నాయి గదా పుస్తకంలో. ఆ మేస్త్రీల మనవలు మీ విశాఖలో మేడలు కట్టుకుని, సాహిత్య సభల్లో ముందు వరసలో కూర్చుంటున్నారు. ఎవరో ఒకరు నీ చెవిలో ఏదో అన్నారు. నువ్వు ప్రెస్ ఆపావు. ఆపి, నన్ను ‘బాగా తిను’ అంటున్నావు! జబ్బు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడితే నేను అనుమానించనా?

ఫోన్ ఎవరు చేస్తారు? పోయిన మనిషి ఇంటికి ఫోన్ చేసి ‘పోయారా’ అని అడుగుతామా? నీ మర్యాద అదేనా? కళ్ల సంగతి ఎందుకు? పుస్తకానికీ కళ్లకీ ఏమిటి సంబంధం?

రాయి అయిపోయింది. నువ్వు ఆలస్యం చేసిన ప్రతి రోజూ రాయి చెక్కేవాడు ఉలి కొట్టాడు. పోయిన తేదీ కావాలని పాస్టరుగారు అడిగితే నా రాతప్రతి చూసి అక్టోబరు పద్దెనిమిది అని చెప్పాను. బర్మీస్‌లోనూ తెలుగులోనూ చెక్కారు. తెలుగు చెక్కేవాడికి తెలుగు రాదు, అందుకని ఎండలో కూర్చుని ఒక్కో అక్షరం నేనే సుద్దతో గీసి ఇచ్చాను. ‘ప్రార్థనాపరురాలు’ అన్న మాట గీస్తుంటే నా చెయ్యి ఎంత మండిందో నీకు తెలీదు. ఎవరి వల్ల? పుస్తకం చేతిలో ఉంటే ఆ మాటని పాస్టరుగారి ముందు పెట్టి కొట్టించేసేదాన్ని.

చివరిసారి అడుగుతున్నాను. నువ్వు వేస్తావా, నేను ఇక్కడే జిరాక్సు తీసి పిన్ని చేపల కొట్లో పొట్లాలతో పాటు పంచనా?

ఏంజెలీనా


విశాఖపట్నం
సెప్టెంబరు

ఏంజీ,

కుర్చీలో కూర్చో. కూర్చున్నాకే కింది పేరా చదువు.

ట్రాస్కమ్మ బతికే ఉంది.

నేను డులూత్ గ్రంథాలయానికి ‘లొరెయిన్ ట్రాస్క్ వారసులకు’ అని రాశాను. ఆగస్టు మొదట్లో జవాబొచ్చింది. ‘నాకు వారసులెవరూ లేరు. అనుమతి కావాలంటే నన్నే అడగాలి. నేనింకా ఇక్కడే ఉన్నాను. పొద్దున గుడ్డు తిన్నాను’ అని. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. నీకు చెప్పి, అది అబద్ధమని తేలితే నువ్వు ఆవిణ్ణి రెండోసారి పోగొట్టుకుంటావు. అందుకే నోరు మూసుకుని వీడియోలో చూసేదాకా ఆగాను. మొన్న చూశాను. ఎనభై ఏడేళ్లు. చెవిలో మిషను, పళ్లు కట్టుడువి. పోట్లాటకి దిగేటప్పుడు ముందుకు వంగడం మాత్రం అచ్చం నువ్వే. లేక నువ్వు అచ్చం ఆవిడవా?

పెట్టె సంగతి వింటావా? పెద్ద ఇల్లు వదిలి వృద్ధుల వసతిలో ఒక్క గదిలోకి మారింది. సామాను పట్టక, ప్రాణమైనవి మీకు పంపింది. ఉత్తరం విడిగా పోస్టులో వేసింది, అది రాలేదు. నీ పాత మెయిల్‌కి రాస్తే తిరిగొచ్చింది. కళ్లజోడు ఎందుకు పంపిందో అడిగాను. శుక్లాల ఆపరేషన్ అయ్యిందట. ఇక దాని అవసరం లేదు, పాడెయ్యడం ఎందుకని పెట్టిందట.

ఆ తర్వాత మీ ఊళ్లో సైన్యం కాల్పుల వార్తలు చూసి, మీ దగ్గర్నుంచి మాట లేక, నువ్వే లేవనుకుంది. ప్రతి వార్తలోనూ ఏంజెలీనా పేరు వెతికానంది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ముందుకు వంగలేదు.

ఇప్పుడు గట్టిగా ఊపిరి తీసుకో. మా మేనకోడలు మణిమాల పుస్తకమంతా నాలుగు రోజులు ఇంగ్లీషులో చదివి వినిపించింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

‘చావు బాగా రాసింది. వీలైతే అలాగే పోతాను. కానీ ఆ టైప్‌రైటర్ వాడి ముప్పై ఏళ్లయింది. నా గదికి సరస్సు కనపడదు, కార్లు నిలిపే స్థలం కనపడుతుంది. చావు వార్తల బల్ల దగ్గర నాకు నేర్పిన మొదటి సంగతి, ఇంటికి ఫోన్ చెయ్యకుండా ఎవర్నీ చంపకూడదని. ఆ పిల్ల ఫోన్ చెయ్యలేదు.’

‘ఇంకా ముఖ్యమైనది. ఆ గడియ వాక్యం నాది కాదు. పదమూడులో బర్మా తలుపులు తెరుచుకున్నాయని, ఇక మూసుకోవని నేను వ్యాసం రాశాను. యాంగన్‌లో లత అనే పేటలో టీ కొట్లో కూర్చుని ఏంజెలీనా ఆ మాట నా మొహం మీద అంది. నేను ఒప్పుకోలేదు, నీకు అనుభవం లేదన్నాను. ఆమె చెప్పిందే జరిగింది, సైన్యం మళ్లీ మూసేసింది. పుస్తకంలో ఆ మాట నా ఆఖరి మాట ఎలా అయ్యింది? ప్రతి వాదనలోనూ నేనే ఎందుకు గెలిచాను? ఆరో అధ్యాయంలో ఒక మనిషి ఉంది. మిగతా అంతా విగ్రహం. ఇది సరిచేసేదాకా అనుమతి లేదు.’

అదీ సంగతి. మేస్త్రీల మనవలెవరూ నా చెవిలో ఏమీ అనలేదు. వదిన అనడం మళ్లీ ఎప్పుడు మొదలెడతావు?

అరుణ


మింగళ తౌంగ్‌న్యున్, యాంగన్
సెప్టెంబరు

వదినా, వదినా, వదినా,

కూర్చోలేదు. నిలబడే చదివాను. చదివి ఎగిరాను. కింది వాటాలో బర్మా ఆవిడ భూకంపమనుకుని తలుపు తీసుకుని వీధిలోకి పరిగెత్తింది. ఆవిడకి ఏం చెప్పాలో తెలియక పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. ఇప్పుడు నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటోంది.

బతికుంది! గుడ్డు తిన్నది! మా నాయనే!

సరే. ఇప్పుడు వాదనకొద్దాం. తప్పు నాది కాదు. వాడిన బట్టలు పంపే మనిషి పెట్టె లోపల ఒక చీటీ వెయ్యాలని తెలీదా? యాభై ఏళ్లు వార్తలు రాసిందట! ‘నేను బతికే ఉన్నాను’, మూడు మాటలు. అవి రాయడం చేతకాలేదు గాని నా చివరి అధ్యాయంలో కిటికీని తప్పుపడుతోంది. కార్లు నిలిపే స్థలం పక్కన ఎవరైనా చచ్చిపోతారా, పుస్తకంలో?

ఇదంతా ఆవిడకి చెప్పు. ఒక్క మాట మింగకుండా చెప్పు.

ఆ గడియ వాక్యం గురించి మాత్రం నాకు వాదన దొరకడం లేదు. రెండు రోజులు వెతికాను. నా మాటే. నాకు తెలుసు. రాసేటప్పుడు నా పేరు మీద పెడితే ఎవరు పట్టించుకుంటారనిపించింది. యాంగన్‌లో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకునే మనిషి మాటని మీ ఊళ్లో ఎవరు అట్ట మీద వేస్తారు? నువ్వు వేస్తావా? నిజం చెప్పు. అమెరికన్ అంటే, అందులోనూ పోయినావిడ అంటే, ఏడుస్తూ వేశావు.

తిరగరాస్తున్నాను. కరెంటు ఉన్నా లేకపోయినా. ప్రతి వాదనా జరిగింది జరిగినట్టు. అయిదు చోట్ల ఆవిడ ఓడిపోయింది. రెండు చోట్ల నేను చాలా ఘోరంగా ఓడిపోయాను, అవీ పెడుతున్నాను, కాస్త చిన్నగా.

ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. పాస్టరుగారితో మాత్రం ఇలా అన్నాను: “ఈసారి కూడికలో అమెరికా నుంచి ఒక పెద్దావిడ వీడియోలో మాట్లాడతారండీ. ట్రాస్కమ్మగారిని బాగా దగ్గరగా ఎరిగినావిడ.”

“దేవునికి స్తోత్రం,” అన్నారాయన. “రాయి ఆవిష్కరణ కూడా ఆవిడ చేతే చేయిద్దాం. అయిదు నిమిషాలకి మించకూడదు.”

ఏంజెలీనా


విశాఖపట్నం
అక్టోబరు

ఏంజీ,

కొత్త పేజీలు చేరాయి. నాలుగో వాదన దగ్గర నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. మణిమాల ఆవిడకి చదివి వినిపిస్తోంది. ఒకచోట ‘అలా అనలేదు, ఇంకా గట్టిగా అన్నాను’ అందట.

నన్నూ వదల్లేదు. ‘ఆరో అధ్యాయం కటువు తగ్గించమన్న ఎడిటర్ ఎవరు?’ అని అడిగింది. లైను సరిగా లేదని పెట్టేశాను.

సింహాచలమ్మగారికి ముందే చెప్పు. డెబ్భై దాటిన మనిషి. గుండె ఆగితే మనకి ఇంకో జీవితచరిత్ర రాసే ఓపిక లేదు.

అరుణ


మింగళ తౌంగ్‌న్యున్, యాంగన్
నవంబరు మొదటి ఆదివారం

వదినా,

పిన్నికి చెప్పలేదు. చెబితే సాయంత్రానికి చిమిండైంగ్ బజారంతా తెలిసిపోయేది. పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకున్నాను, అంతే.

హాలు నిండింది. పొద్దున్నే కాస్త చల్లగా ఉందని పిన్ని ట్రాస్కమ్మ కోటు వేసుకొచ్చింది, మోకాళ్ల కిందకి వేలాడుతూ. వేదిక మీద పటం, దానికి కాగితం పూలదండ, పక్కన తెల్లగుడ్డ కప్పిన రాయి. పాస్టరుగారు ట్రాస్కమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆవిడ పునరుత్థానం గురించి గంభీరంగా ప్రార్థించారు. మా పేట కుర్రాడు కో నాగేంద్ర జనరేటర్ తిప్పాడు. గోడ మీద వెలుతురు పడింది. పడి, అందులో ట్రాస్కమ్మ మొహం వచ్చింది. జుట్టు తెల్లగా, దూదిలా. ముందుకు వంగి, మా మామ్మ వంటింట్లో నేర్చుకున్న తెలుగులో అంది:

“బాగున్నారేటి? నాను సచ్చిపోనేదండి.”

పాస్టరుగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. అప్పుడు పిన్ని లేచింది.

“ఓసి నీ దుంపతెగా!” అని అరిచింది. “బతికున్నావేటే? ఆరేళ్ల నుంచి నీ పేరు సెప్పి నానేడుస్తంటే నువ్వు గుడ్లు తింటన్నావేటి?” గుడ్ల సంగతి ఆవిడకెలా తెలిసిందో నాకు తెలీదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఒక్క కింది వాటా ఆవిడకి తప్ప.

హాలు హాలంతా లేచింది. ఏడ్చేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు, తెర దగ్గరికి పోయి గోడని ముట్టుకునేవాళ్లు. నేను మధ్యలో నిలబడి రెండు వైపులా మాటలు మోశాను. పిన్ని కోటు గుండీలు రెండు చేతులా పట్టుకుని తెరకేసి, “బట్టలు పంపినావు గదా అని అడిగితే మాత్రం ఇవ్వను, ముందే సెప్తన్నాను,” అంది. ట్రాస్కమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. “ఆ కళ్లజోడుతో మీకు ఏమైనా కనపడుతోందా?” అని పాస్టరుగారిని అడిగింది. “నాకైతే ఏమీ కనపడేది కాదు.”

పాపం, ఆయన మంచి మనిషి, వదినా. నేను మంచి మనిషి అంటున్నానంటే రాసిపెట్టుకో. దండ ఆయనే తీశారు. రాయి మీద గుడ్డ తీయాలా వద్దా అని నిలబడ్డారు. ట్రాస్కమ్మ తీయమంది. నేను ఇంగ్లీషులో చదివి వినిపించాను.

“‘ప్రార్థనాపరురాలు’ అబద్ధం,” అంది. “తేదీ అబద్ధం. ‘తల్లి’ కూడా అబద్ధమే, నాకు పిల్లల్లేరు. మూడు వరసల్లో మూడు తప్పులు. రాసిందెవరు?”

“చెక్కించింది పాస్టరుగారు. అక్షరాలు గీసింది నేను.”

“చాలా అందంగా ఉన్నాయి.”

రాయిని ఏం చెయ్యాలన్న దానిమీద అరగంట చర్చ. బట్టలుతుక్కోడానికి తనకిమ్మని పిన్ని. చివరికి బోర్లా తిప్పి, హాలు ముందు వానకి నీళ్లు నిలిచే చోట మెట్టుగా వేద్దామన్నారు పాస్టరుగారే. మధ్యాహ్నానికి వేసేశారు కూడా. పిల్లలు దాని మీద ఎగురుతున్నారు.

మోహింగా, అదే చేపల పులుసు సేమ్యా, గిన్నెల్లో పంచుతుంటే అందరి ముందూ అడిగాను: “అనుమతి ఇస్తారా, ఇవ్వరా?”

“మూడో అధ్యాయం నాకింకా నచ్చలేదు. నా తండ్రిని మరీ మంచివాణ్ణి చేశావు.”

“మీరు చెప్పిందే రాశాను.”

“నేను ఆయన కూతుర్ని. నన్ను నమ్మకూడదు.”

“అయితే మీ అభ్యంతరం పేజీ కిందే అచ్చు వేస్తాం. నా మాట మాత్రం మార్చను.”

ఆవిడ ముందుకు వంగింది. నేనూ వంగాను. పిన్ని నా వెనక నుంచి, “తగ్గకే!” అంది.

“సరే. అలా అయితే వెయ్యండి,” అంది ట్రాస్కమ్మ. “కానీ నా అక్షరాలు నీ అక్షరాలకంటే చిన్నగా ఉండకూడదు.”

అయిదు నిమిషాలన్న కూడిక రెండు గంటలైంది. అక్కడ శనివారం అర్ధరాత్రి దాటుతున్నా ఆవిడ వదల్లేదు. నా గొంతు పోయింది. రాయడానికి చెయ్యి ఉంది గనక, నీకు ఇవి రాస్తున్నాను. బేరాల్లేవు.

ఒకటి. చివరి అధ్యాయం మొత్తం తీసెయ్యి. కొత్తది ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను.

రెండు. ఆరో అధ్యాయంలో ఒక్క అక్షరం ముట్టుకోకు.

మూడు. గడియ వాక్యం అట్ట వెనకే ఉండాలి. దాని కింద నా పేరు ఉండాలి.

నాలుగు. ట్రాస్కమ్మ అభ్యంతరాలు ఏ పేజీకి ఆ పేజీ కిందే, అదే సైజు అక్షరాల్లో రావాలి.

అయిదు. మేస్త్రీల పేర్లు ఉంటాయి. మనవలెవరైనా వస్తే నా అడ్రసు ఇవ్వు.

ఆరు. ‘అమ్మ’, ‘తల్లి’, ‘దేవత’, ఈ మూడు మాటలూ పుస్తకంలో ఎక్కడా వద్దు. ముందుమాటలో కూడా.

ఏడు. ముందుమాట నువ్వే రాయి. పెద్దమనుషుల చేత రాయించకు.

ఎనిమిది. మణిమాల పేరు అనువాదం చేసినందుకు లోపలి పేజీలో వెయ్యి.

తొమ్మిది. మొదటి కాపీ డులూత్‌కి వెళ్లాలి. ఆవిడకి తెలుగు చదవడం రాదు. ఆ సాకు నాకు చెప్పకు.

పది. ఈ ఏడాదిలోగా అచ్చు కావాలి. ఆవిడకి ఎనభై ఏడు. పుస్తకం పట్టుకుని నాతో పోట్లాడటానికి ఆవిడకి టైము కావాలి.

ఏంజెలీనా